చేతిగీతపై బెంగ: డిస్నీ అద్భుతకథా యానిమేషన్ చిత్రాల స్మృత్యాకర్షణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చేతితో గీసిన అద్భుతకథా యానిమేషన్ చిత్రాలు తరాలు మారినా ప్రేక్షకులలో గతంపై ఒక ప్రత్యేకమైన బెంగను రేకెత్తిస్తూనే ఉన్నాయి. దీనికి బాల్యజ్ఞాపకాలే కారణమన్నది సాధారణాభిప్రాయం. ఈ వ్యాసం 1937-1991 మధ్య వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించిన ఐదు అద్భుతకథా చిత్రాలను ఆధారంగా తీసుకుంటుంది. ఆ బెంగ చిత్రాల కథనంలోనే ఇమిడి ఉందనీ, పునర్విడుదలలు దానిని పోషించాయనీ, చేతిశ్రమకు జాడగా నిలిచిన గీతతో అది ముడిపడి ఉందనీ ప్రతిపాదిస్తుంది. గీతను ప్రేమించే స్మృతి ఆ గీతను గీసిన చేతులను, ముఖ్యంగా స్త్రీల శ్రమను, ఎలా మరచిపోయిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: యానిమేషన్, అద్భుతకథ, నోస్టాల్జియా, చేతిగీత, స్త్రీశ్రమ, పునర్నిర్మాణం.

1. ఉపోద్ఘాతం:

1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్తే సర్కిల్ థియేటర్‌లో ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ తొలిసారి ప్రదర్శితమైంది. పారదర్శకమైన సెల్ పలకలపై బొమ్మలు వేసే పద్ధతిలో నిర్మించిన తొలి పూర్తినిడివి చిత్రంగా దీనికి చరిత్రలో స్థానం ఉంది. దీనికి పదకొండేళ్ల ముందే, 1926లో, జర్మనీలో లోటే రైనిగర్ కత్తిరించిన నల్లకాగితపు ఛాయారూపాలతో ‘ప్రిన్స్ అహ్మద్’ సాహసగాథను పూర్తినిడివి చిత్రంగా రూపొందించింది. అయినా ‘చేతితో గీసిన అద్భుతకథాచిత్రం’ అనగానే ప్రపంచ ప్రేక్షకుల మనసులో మెదిలేది డిస్నీ రూపమే. ‘స్నో వైట్’ తరువాత ‘సిండ్రెల్లా’ (1950), ‘స్లీపింగ్ బ్యూటీ’ (1959), మూడు దశాబ్దాల విరామానంతరం ‘ది లిటిల్ మర్మైడ్’ (1989), ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ (1991) ఆ రూపాన్ని స్థిరపరిచాయి.

ఈ చిత్రాలపై పెద్దలకు ఉన్న మమకారాన్ని ‘చిన్నప్పుడు చూశాం కనుక ఇష్టం’ అన్న ఒక్క మాటతో వివరించడం పరిపాటి. అయితే 1950 నాటికి పుట్టనివారు కూడా ‘సిండ్రెల్లా’ చూస్తూ ఏదో పోగొట్టుకున్నట్లు భావిస్తారు. తాము అనుభవించని కాలంపై వారికి ఆ బెంగ ఎక్కడినుంచి వచ్చింది? ఈ వ్యాసానికి మూలం ఈ ప్రశ్న.

2. ‘నోస్టాల్జియా’ – ‘బెంగ’: భావన పరిశీలన:

‘నోస్టాల్జియా’ అనే పదం మొదట వైద్యశాస్త్రానికి చెందినది. ఇంటికి తిరిగిరావడం, నొప్పి అనే అర్థాలుగల రెండు గ్రీకు పదాలను కలిపి యోహానెస్ హోఫర్ 1688లో బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఈ పదాన్ని ప్రయోగించాడు. స్వదేశానికి దూరమైనవారిలో కనిపించే శారీరక రుగ్మతకు అతడు పెట్టిన పేరది. కాలక్రమంలో అది రోగం అన్న అర్థాన్ని వదిలి, పోయిన కాలంపై మమకారం అన్న అర్థాన్ని సంతరించుకుంది. అంటే స్థలానికి సంబంధించిన మాట కాలానికి సంబంధించిన మాటగా మారింది.

తెలుగులో దీనికి ‘గతస్మృతి’, ‘గతకాలవ్యామోహం’ వంటి పదాలు వాడుకలో ఉన్నాయి. కానీ హోఫర్ ఉద్దేశించిన మూలార్థానికి దగ్గరగా ఉన్న పదం ‘బెంగ’. తల్లికి దూరమైన బిడ్డ ‘బెంగపెట్టుకుంది’ అంటాం. ఆ బెంగతోనే జ్వరం వచ్చిందనీ అంటాం. మనసు, దేహం, దూరం మూడూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. ‘వ్యామోహం’లో ఉన్న నింద ఇందులో లేదు. అందువల్ల ఈ వ్యాసంలో ‘బెంగ’ అనే పదాన్నే పారిభాషికంగా వాడడం జరిగింది.

స్వెత్లానా బాయమ్ 2001లో వెలువరించిన గ్రంథంలో నోస్టాల్జియాను రెండు విధాలుగా విభజించింది. పోయినదానిని ఉన్నదున్నట్లు తిరిగి నిలబెట్టాలని కోరేది ఒకటి. పోయిందన్న ఎరుకతో దానిని తలచుకుంటూ ప్రశ్నించేది మరొకటి. వీటిని ‘పునరుద్ధరణాత్మకం’, ‘పర్యాలోచనాత్మకం’ అని వ్యవహరించవచ్చు. ఈ విభజన ఈ వ్యాసపు చివరిభాగాలకు ఉపకరిస్తుంది.

3. తెరుచుకునే పుస్తకం – పుట్టుకతోనే ‘పాత’ చిత్రాలు:

‘స్నో వైట్’, ‘సిండ్రెల్లా’, ‘స్లీపింగ్ బ్యూటీ’ మూడూ ఒకే విధంగా మొదలవుతాయి. అలంకృతమైన ఒక పాతపుస్తకం తెరపై తెరుచుకుంటుంది. ఆ పుటలలోనుంచి ప్రేక్షకుడు కథలోకి ప్రవేశిస్తాడు. ‘మీరు చూడబోయేది కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉన్నది’ అని ఈ పుస్తకం చెప్పకనే చెబుతుంది. 1937 నాటి ప్రేక్షకుడికి ఆ చిత్రం సరికొత్త సాంకేతిక అద్భుతం. అయినా అది తనను తాను ఒక జ్ఞాపకంగానే పరిచయం చేసుకుంది.

కథామూలాలు కూడా ఇందుకు తగినవే. ‘స్నో వైట్’ గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన సంకలనంలోనిది. ‘సిండ్రెల్లా’, ‘స్లీపింగ్ బ్యూటీ’ చిత్రాలకు ఆధారం 1697 నాటి షార్ల్ పెరో కథలు. ‘స్లీపింగ్ బ్యూటీ’ సంగీతం చైకోవ్‌స్కీ బ్యాలేనుంచి స్వీకరించినది. అమెరికా ఆర్థికమాంద్యంతో సతమతమవుతున్న కాలంలో, స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ టెంగ్రెన్, స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ హర్టర్ వంటి చిత్రకారులు యూరప్ బాలల పుస్తకాల చిత్రరచనా సంప్రదాయాన్ని హాలీవుడ్‌కు తెచ్చారు. చెక్క ఇల్లు, అడవిబాట, నీటిరంగులలో మసకగా కనిపించే కోట – ఇవేవీ అమెరికన్ ప్రేక్షకుడి నిత్యజీవితంలోనివి కావు. కనుక తొలి ప్రేక్షకుడు సైతం తనది కాని గతంపైనే బెంగపడ్డాడు. నేటి ప్రేక్షకుడు ఆ తొలి ప్రేక్షకుడి బెంగకు వారసుడు.

ఈ బెంగ కొన్నింటిని మరచిపోవడంద్వారా కూడా నిలుస్తుంది. ఈ చిత్రాలు సౌమ్యమైనవన్న భావన నేడు బలంగా ఉంది. కానీ 1938లో బ్రిటన్ సెన్సారు ‘స్నో వైట్’కు పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలన్న ‘ఎ’ ధ్రువపత్రం ఇచ్చింది. అడవిలో చెట్లు చేతులుగా మారి బాలికను పట్టుకోబోయే సన్నివేశం, రాణి మంత్రగత్తెగా మారే సన్నివేశం నాటి పరిశీలకులను కలవరపెట్టాయి. గ్రిమ్ కథలో రాణి ఎర్రగా కాలిన ఇనుపచెప్పులతో చనిపోయేదాకా నాట్యం చేస్తుంది. చిత్రంలో కొండచరియనుంచి పడిపోతుంది. కథనుంచి చిత్రానికి, చిత్రంనుంచి జ్ఞాపకానికి వచ్చేసరికి భయం రెండుసార్లు వడకట్టబడింది. చివరకు మిగిలింది తీపి మాత్రమే.

4. పునర్విడుదల – స్మృతికి వ్యాపారలయ:

టెలివిజన్, వీడియో లేని కాలంలో ఒక చిత్రం థియేటర్లు విడిచిపెడితే మళ్లీ చూసే అవకాశం అరుదు. డిస్నీ సంస్థ దీనిని ఒక విధానంగా మలుచుకుంది. ‘స్నో వైట్’ 1944, 1952, 1958, 1967, 1975, 1983, 1987, 1993 సంవత్సరాలలో అమెరికా థియేటర్లకు తిరిగివచ్చింది. ఈ విరామాలలో అధికభాగం ఆరునుంచి తొమ్మిదేళ్ల వ్యవధిగలవి. అంటే ప్రతి విడతకూ ఆ చిత్రాన్ని అంతకుముందు చూడని పిల్లల తరం ఒకటి సిద్ధంగా ఉండేది. 1944లో చూసిన బాలిక 1967 నాటికి తల్లిగా తన బిడ్డను తీసుకువెళ్లగలిగేది.

ఇక్కడ గమనించవలసినది చిత్రం దొరకకపోవడానికి ఉన్న పాత్ర. ఎప్పుడూ అందుబాటులో ఉండేదానిపై బెంగ కలగదు, దూరమైనదానిపైనే కలుగుతుంది. ఆ దూరాన్ని నిర్ణీతకాలంపాటు పాటించి, మళ్లీ తొలగించడమే ఈ విధానంలోని కీలకం. గృహవీడియో వచ్చిన తరువాత కూడా ఇదే పద్ధతి కొనసాగింది. ‘సిండ్రెల్లా’ 1988లో, ‘స్నో వైట్’ 1994లో మాత్రమే అమెరికాలో క్యాసెట్లుగా వచ్చాయి. కొంతకాలం అమ్మి, తిరిగి విపణినుంచి ఉపసంహరించేవారు. దీనినిబట్టి వ్యక్తిగతమైనదిగా తోచే బాల్యస్మృతికి ఒక వ్యాపార పంచాంగం ఉందని స్పష్టమవుతుంది. అయితే ఆ కారణంగా ఆ స్మృతి కృత్రిమమైనదని తీర్మానించడం సరికాదు. పండుగ తేదీని ఎవరు నిర్ణయించినా, పండుగనాడు ఇంట్లో కలిగే ఆనందం ఆ ఇంటివారిదే.

5. గీత – చేతిశ్రమకు జాడ:

చలనచిత్రం తెరపై సెకనుకు 24 ఫ్రేములుగా కదులుతుంది. చేతిగీత యానిమేషన్‌లో చాలాచోట్ల ఒక బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు. వేగవంతమైన కదలికలకు 24 బొమ్మలూ కావాలి. 83 నిమిషాల ‘స్నో వైట్’కు, ఒకే ఫ్రేములో అనేక పాత్రలు ఉండడాన్ని కూడా కలుపుకుంటే, పని ఎంత విస్తృతమో ఊహించవచ్చు.

ఈ పని దశలవారీగా సాగేది. ముఖ్య యానిమేటరు పాత్రయొక్క ప్రధాన భంగిమలను పెన్సిలుతో గీస్తాడు. సహాయకులు మధ్యచిత్రాలను పూరిస్తారు. మరికొందరు ఆ గీతలను శుభ్రపరుస్తారు. అనంతరం ప్రతి బొమ్మనూ పారదర్శక సెల్‌పై సిరాతో అచ్చుగుద్దినట్లు తిరిగి గీస్తారు; సెల్ వెనుకవైపు రంగు నింపుతారు. చివరకు దానిని నేపథ్యచిత్రంపై ఉంచి ఫ్రేము తరువాత ఫ్రేముగా ఫోటో తీస్తారు. ఒకే ముఖాన్ని వందలసార్లు కొత్తగా గీయడంవల్ల ఏ రెండు గీతలూ పూర్తిగా ఒకటి కావు. ఆ స్వల్పమైన తేడాయే కదలికలో ఊపిరిలా తోస్తుంది.

వాల్టర్ బెన్యమిన్ 1930లలో రాసిన ప్రసిద్ధవ్యాసంలో యాంత్రిక పునరుత్పత్తివల్ల కళాఖండం చుట్టూ ఉండే ప్రభావలయం క్షీణిస్తుందని వాదించాడు. చిత్రసీమ అందుకు అతడు చూపిన ప్రధాన ఉదాహరణ. చేతిగీత యానిమేషన్ ఈ వాదానికి ఒక చిక్కుప్రశ్న. తెరపైకి వచ్చేది నకలే అయినా, ఆ నకలులో కనిపించేది ఒక మనిషి చేతి కదలిక. 1938నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కోర్వోజియే గ్యాలరీ డిస్నీ సెల్‌లను కళాఖండాలుగా అమ్మడం మొదలుపెట్టింది. అంటే నకలు తీయడానికి సాధనంగా పుట్టిన పలక, కొద్దికాలంలోనే ‘అసలు’గా గౌరవం పొందింది. బెంగ గీతను వెతుక్కుంటూ సెల్‌దాకా వెళ్లింది.

6. యంత్రం ప్రవేశం – ‘చేతిగీత’ అంటే ఏది?

‘స్లీపింగ్ బ్యూటీ’ ఈ శ్రమకు పరాకాష్ఠ. ఐవిండ్ ఎర్ల్ మధ్యయుగ చిత్రకళనుంచి స్ఫూర్తి పొంది సూక్ష్మవివరాలతో వేసిన నేపథ్యాలు, విస్తృత తెర, దాదాపు 60 లక్షల డాలర్ల వ్యయం ఆ చిత్రపు విశేషాలు. తొలి విడుదలలో అది పెట్టుబడిని రాబట్టలేకపోయింది. డిస్నీలో చేతిసిరాపై ప్రధానంగా ఆధారపడిన చివరి కథాచిత్రం కూడా అదే. 1961లో వచ్చిన ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’కు జెరాక్స్ పద్ధతిని పూర్తిస్థాయిలో వినియోగించారు. యానిమేటరు పెన్సిలుగీత నేరుగా సెల్‌పైకి ముద్రితమైంది. సిరాతో తిరిగిగీసే దశ తొలగిపోయింది.

‘ది లిటిల్ మర్మైడ్’ నాటికి సెల్‌లపై రంగులు చేతితోనే నింపినా, గీతలు జెరాక్స్‌వే. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో సెల్ అనేదే లేదు. పిక్సార్‌తో కలిసి రూపొందించిన ‘క్యాప్స్’ అనే కంప్యూటర్ వ్యవస్థలో కాగితపు బొమ్మలను స్కాన్ చేసి రంగులు వేశారు. నాట్యమందిరపు నేపథ్యాన్ని కంప్యూటర్‌లోనే నిర్మించారు. ఆస్కార్ ఉత్తమచిత్ర విభాగానికి నామినేట్ అయిన తొలి యానిమేషన్ చిత్రంగా గౌరవం పొందినది ఇదే. ఇందులోని చివరి నాట్యానికి ‘స్లీపింగ్ బ్యూటీ’ నాట్యపు కదలికలనే తిరిగి వాడుకోవడం మరో విశేషం.

తొలిచిత్రంలోనూ గీత స్వచ్ఛందం కాదు. స్నో వైట్ కదలికలకు మార్జ్ ఛాంపియన్ అనే నర్తకి, సిండ్రెల్లా కదలికలకు హెలెన్ స్టాన్లీ అనే నటి కెమెరా ముందు అభినయించారు. ఆ చిత్రీకరణను యానిమేటర్లు ఆధారంగా చేసుకున్నారు. కనుక ఈ ఐదు చిత్రాలలో మొదటి మూడు చేతిసిరావి, నాలుగవది జెరాక్స్‌ది, ఐదవది కంప్యూటర్ రంగులది. అయినా ప్రేక్షకస్మృతి వీటన్నింటినీ ‘చేతితో గీసినవి’ అనే ఒకే అరలో పెడుతుంది. ఈ ఐదింటికీ ఉమ్మడి అంశం కాగితంపై పెన్సిలుతో ప్రతి భంగిమనూ నిర్ణయించిన మనిషి ఉండడం ఒక్కటే. బెంగ గుర్తుపట్టేది ఆ నిర్ణయాన్నే. అది సాంకేతికవర్గీకరణను అనుసరించదు.

7. పేరులేని చేతులు:

సెల్‌పై సిరాగీత గీసినవారు, రంగు నింపినవారు ప్రధానంగా స్త్రీలు. డిస్నీ సంస్థలో ‘ఇంక్ అండ్ పెయింట్’ విభాగం వారిదే. స్నో వైట్ చెక్కిళ్లకు సహజమైన ఎరుపును అద్దినది కూడా ఆ చేతులే. పెన్సిలుగీతలోని ప్రాణం పోకుండా, చేయి వణకకుండా, నాడె మారినచోట సిరా మందం మార్చుతూ గీయడం సులభమైన పని కాదు. అయినా ‘స్నో వైట్’ ప్రారంభంలోని పేర్లలో వారి ప్రస్తావన లేదు.

1938లో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్న ఒక యువతికి ఆ సంస్థ పంపిన ప్రత్యుత్తరం నేటికీ చర్చలో ఉంది. చిత్రరూపకల్పనలోని సృజనాత్మకమైన పని పురుషులదేననీ, స్త్రీలకు తెరిచి ఉన్నది సిరా, రంగుల పని మాత్రమేననీ దాని సారాంశం. తరువాతికాలంలో మినహాయింపులు వచ్చాయి: ‘బాంబి’ (1942)లో రెట్టా స్కాట్ యానిమేటరుగా తెరపై పేరు పొందింది; ‘సిండ్రెల్లా’ వర్ణప్రపంచాన్ని తీర్చిదిద్దినవారిలో మేరీ బ్లెయిర్ ముఖ్యురాలు. కానీ సిరాపట్టిన అధికసంఖ్యాకులు పేరులేనివారుగానే మిగిలారు. 1941 మే నెలలో మొదలైన డిస్నీ ఉద్యోగుల సమ్మెలో సంఘగుర్తింపు, వేతనాలతోపాటు తెరపై పేరు కూడా ఒక ప్రధానాంశం కావడం ఇక్కడ గుర్తించదగినది.

అద్భుతకథల పరిశోధకుడు జాక్ జైప్స్, సామూహికమైన మౌఖికకథను డిస్నీ ఒకే వ్యక్తి సంతకం కిందికి తెచ్చాడని విమర్శించాడు. ఈ విమర్శను గీతకు కూడా వర్తింపజేయవచ్చు. కథ చెప్పిన అవ్వల పేర్లు గ్రిమ్, పెరో పేర్ల వెనుక మరుగునపడ్డాయి. ఆ కథను గీసిన స్త్రీల పేర్లు వాల్ట్ డిస్నీ సంతకం వెనుక మరుగునపడ్డాయి. జెరాక్స్ యంత్రం మొదట తొలగించినది కూడా ఈ సిరాపనినే. ‘చేతిగీత పోయింది’ అని బెంగపడేవారు సాధారణంగా తలచుకునేది యానిమేటరును. మొట్టమొదట పనిపోయిన చేతులు మాత్రం వీరివి.

8. పునర్నిర్మాణాలు – రెండు విధాల బెంగ:

2004నాటికి డిస్నీ చేతిగీత కథాచిత్రాలనుంచి దాదాపుగా వైదొలగింది. 2009లో ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’తో తిరిగి వచ్చినా, 2010లో ‘ట్యాంగిల్డ్’ కంప్యూటర్ యానిమేషన్ అద్భుతకథకు దారివేసింది. అదే సమయంలో పాతచిత్రాలను నటీనటులతో తిరిగి తీయడం మొదలైంది: ‘సిండ్రెల్లా’ (2015), ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ (2017), ‘ది లిటిల్ మర్మైడ్’ (2023), ‘స్నో వైట్’ (2025).

బాయమ్ విభజన ప్రకారం 2017 నాటి చిత్రం పునరుద్ధరణాత్మక బెంగకు మంచి ఉదాహరణ. పసుపు గౌను, నాట్యమందిరం, సుపరిచితమైన పాటలు అన్నీ తిరిగి వచ్చాయి. రానిది గీత ఒక్కటే. ప్రేక్షకుడు దేనిపై బెంగపడుతున్నాడో దానిని వదిలి, దాని చుట్టూ ఉన్నవాటిని మాత్రమే ఈ చిత్రం అందించింది. ఇందుకు భిన్నంగా ‘మేలెఫిసెంట్’ (2014) ‘స్లీపింగ్ బ్యూటీ’ కథను శపించిన దేవకన్య వైపునుంచి చెప్పి, పాతకథలో ఎవరి బాధ మరుగునపడిందని ప్రశ్నించింది. దాని కళాత్మకస్థాయి ఎలా ఉన్నా, అడిగిన ప్రశ్న పర్యాలోచనాత్మకమైనది.

9. భారతీయ, తెలుగు అనుబంధం:

డిస్నీ చేతిగీతకు భారతదేశంతో ప్రత్యక్షసంబంధం ఉంది. డిస్నీలో పనిచేసిన యానిమేటరు క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి కార్టూన్ విభాగంలో భారతీయ చిత్రకారులకు శిక్షణనిచ్చాడు. జాతకకథ ఆధారంగా వచ్చిన ‘ది బన్యన్ డీర్’ (1957) ఆ శిక్షణకు ఫలం. అక్కడ శిక్షణ పొందిన రామ్ మోహన్ అనంతరకాలంలో జపాన్‌కు చెందిన యుగో సాకోతో కలిసి ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అనే చేతిగీత చిత్రానికి దర్శకత్వం వహించాడు. 1993లో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఆ చిత్రం 2025 జనవరిలో తెలుగు అనువాదంతో కూడా థియేటర్లకు వచ్చింది. విరామానంతరం తిరిగివచ్చే చిత్రం తల్లిదండ్రులనూ పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టడం ఇక్కడా కనిపిస్తుంది.

మరోవైపు హైదరాబాదు కేంద్రంగా పనిచేసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ 2008లో ప్రారంభించిన ‘ఛోటా భీమ్’ను చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు కళాశాలల్లో ఉన్నారు. వారి బెంగకు వస్తువు యూరప్ కోట కాదు, ఢోలక్‌పూర్. ఆ బొమ్మలను గీసినవారు, రంగులు వేసినవారు మన నగరాలలోనే ఉన్నారు. వారి అనుభవాలను నమోదు చేయడానికి ఇది తగిన సమయం.

10. ముగింపు:

పై చర్చనుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• అద్భుతకథాచిత్రాలపై బెంగ కేవలం ప్రేక్షకుల బాల్యంనుంచి పుట్టినది కాదు. తెరుచుకునే పుస్తకం, పూర్వయూరప్ దృశ్యలోకం ద్వారా ఆ చిత్రాలు పుట్టుకతోనే గతానికి చెందినవిగా రూపొందాయి.

• నియతకాలిక పునర్విడుదలలు, ఉపసంహరణలు ఆ బెంగకు తరాల కొనసాగింపును కల్పించాయి.

• ‘చేతిగీత’ సాంకేతికంగా మారుతూ వచ్చినా, ప్రతి బొమ్మలోనూ ఒక మనిషి నిర్ణయం ఉందన్న ఎరుకే దాని ఆకర్షణకు ఆధారం.

• ఆ ఎరుక యానిమేటరు దగ్గరే ఆగిపోవడంవల్ల సిరాపట్టిన, రంగులద్దిన స్త్రీల శ్రమ స్మృతికి వెలుపల ఉండిపోయింది.

గీతను ప్రేమించడంలో దోషం లేదు. ఆ ప్రేమ ‘ఎంత అందంగా ఉంది’ అన్నచోట ఆగక ‘ఎవరు గీశారు’ అని అడిగినప్పుడే బెంగ చరిత్రజ్ఞానంగా మారుతుంది. యానిమేషన్‌పై తెలుగులో జరగవలసిన పరిశోధనకు ఈ ప్రశ్న ఒక ప్రారంభస్థానం కాగలదు. స్టూడియోల వేతనపట్టికలు, పనివారి మౌఖికకథనాలు, తెరపై పేర్ల జాబితాలు ఇందుకు ప్రాథమిక ఆకరాలు. వీటిలో ముందుగా చేజారేది మౌఖికకథనమే కనుక, ఆ సేకరణతోనే పని మొదలుకావడం ఉచితం.